పడుగు ఉండగా అనకూడని మాట

మా మనవరాలు ఇంగ్లీషు బడిలో చదువుతుంది. మొన్న సాయంత్రం పుస్తకం తెచ్చి నా ఒడిలో పడేసి, "అమ్మమ్మా, ఇది చెప్పు. నువ్వు టీచర్‌వి గదా" అంది. టీచర్‌నే, కాదనను. మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించి దిద్దించి రిటైరయ్యాను. ఆ పుస్తకంలో వాన మీద ఒక వ్యాసం ఉంది. ఎవరో పెద్దమనిషి కిటికీ పక్కన కూర్చుని, చేతిలో కాఫీ పట్టుకుని, బయట కురిసే వానను చూసి మురిసిపోతున్నాడు. కింద ప్రశ్న. రచయిత శైలి మీ మనసులో ఎలాంటి భావం కలిగించింది?

"నాకేం కలగలేదే" అన్నాను.

"అట్ల రాస్తే మార్కులు కట్ జేస్తరు. శాంతి, ఆనందం అని రాయాలట. మా మేడమ్ చెప్పింది."

శాంతి అట, ఆనందం అట. నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, ఆ కాఫీ పెద్దమనిషి మీద. వాన అంటే నాకు ముందు గుర్తొచ్చేది నూలు తెగే చప్పుడు. ఆ తర్వాత ఎముక విరిగే చప్పుడు. అది పసిదానికి ఏం చెప్పను? "జా, మీ అమ్మను అడుగు" అని పంపేసి డాబా మీదికి పోయి కూర్చున్నాను. మా నీలం నగర్‌లో సాయంత్రం పూట డాబా మీద కూర్చున్నా పవర్‌లూమ్‌ల చప్పుడు తప్ప వేరే ఏమీ వినిపించదు. ఆ చప్పుడులో కూర్చుని, నేను కూడా ఒకప్పుడు వాన మీద ఒక వ్యాసం రాసిన సంగతి, దానివల్ల మా ఇంట్లో జరిగిన సంగతి చాలాసేపు తలచుకున్నాను.

అప్పుడు మేము నేతవాళ్ల లైన్లో ఉండేవాళ్లం. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు, మధ్యలో పొడవాటి సందు, సందు చివర నల్లా. ఇల్లంటే ముందు గదిలో మగ్గం గుంట, వెనక గదిలో పొయ్యి. మనుషులు ఆ రెండింటి మధ్య ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడుకోవాలి. అందరూ తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. మగవాళ్లు నేసేవాళ్లు, ఆడవాళ్లు నూలును కండెలకు చుట్టేవాళ్లు, కండెలు చుట్టగా మిగిలిన పొద్దంతా బీడీలు చేసేవాళ్లు. మా ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. తడిపిన బీడీ ఆకు, తంబాకు, ఉడికే గంజి, వాటి మీద నుంచి జొన్నరొట్టె మాడు వాసన. రొట్టెలోకి పల్లీల చట్నీ. అది దంచేటప్పుడు ఎర్ర కారం లేచి లైను మొత్తం తుమ్మేది.

దెబ్బలకు మాత్రం మా లైన్లో కరువు లేదు. బిందె ముందు పెట్టిందని ఆడవాళ్లు నల్లా దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లు. తాగొచ్చిన మగవాళ్లు గోడలను గుద్దేవాళ్లు, గోడ దొరకకపోతే ఇంట్లోవాళ్లను. బడిలో సారు స్కేలును నిలువుగా పట్టుకుని వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. మా అమ్మ రొట్టె తిప్పే చేత్తోనే నా వీపు మీద ఒకటి వేసి మళ్లీ రొట్టె తిప్పేది. ఎవరూ దాన్ని పెద్ద విషయం అనుకునేవాళ్లు కాదు. దెబ్బ తిన్నవాళ్లు కాసేపు ఏడ్చి లేచి పనిలో పడేవాళ్లు.

అంత కొట్టుకునే లైన్లో కూడా అందరూ కిక్కురుమనకుండా ఉండే పూట ఒకటి ఉండేది. అది సందులో పడుగు పరిచిన పూట. పడుగు అంటే చీర నేయడానికి నిలువుగా పరిచే నూలు. దాన్ని సందు పొడవునా సాగదీసి, రెండు చివర్లా గుంజలకు కట్టి, కింద కర్రలు నిలబెట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. కుంచె అంటే రంగులు వేసే కుంచె కాదు. మూరెడు కర్రకు గట్టి పీచు బిగించిన బరువైన వస్తువు. పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకే లయలో దువ్వుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. గంజి తడి ఆరేదాకా ఆగడానికి లేదు. ఆగితే పోగూ పోగూ అంటుకుపోయి మొత్తం పాడవుతుంది. ఆ సమయానికి చినుకు పడితే ఇంకేముంది, గంజి కొట్టుకుపోతుంది, పోగులు చిక్కుపడతాయి, నెలల కష్టం బురదలో కలుస్తుంది.

అందుకే పడుగు సందులో ఉన్నంతసేపు వాన అనే మాట ఎవరూ నోట అనకూడదు. తెలుగులోనే కాదు, మరాఠీలో పాఊస్ అన్నా తప్పే. అంటే అది విని వచ్చేస్తుందని పెద్దవాళ్ల భయం. దారిన పోయే మరాఠీ పాలవాడు ఒకసారి పైకి చూసి "పాఊస్ యేణార్" అన్నాడని ఎదురింటి తాత వాడి సైకిల్‌ను కాలితో తన్నాడు. పాలన్నీ పక్కన పారే మోరీ పాలయ్యాయి. పిల్లలమైన మాకు ఆ మాట మీద ఎంత మోజో చెప్పలేను. పడుగు పరిచిన రోజు నల్లా వెనక్కి పోయి, ఖాళీ బిందెలో మూతి పెట్టి "వాన" అని చెప్పి, అది బయటికి రాకుండా టక్కున చేయి మూసేవాళ్లం. ఎవరు ఎక్కువసేపు మూసి ఉంచితే వాళ్లు గెలిచినట్టు. ఒకసారి మా నాయనమ్మ పట్టుకుంది. ఆ బిందెతోనే కొట్టింది.

మా ఇంట్లో మగ్గాలు రెండు. ఒకటి మా బాపుది, రెండోది చిన్నాయనది. పెత్తనం మాత్రం నాయనమ్మది. గంజి చిక్కదనం ఆమె వేలు ముంచి చెప్పాలి, పడుగు ఎప్పుడు పరచాలో ఆమే చెప్పాలి. చిన్నాయన మంచి పనివాడు. చేయి చురుకు, కోపం అంతకంటే చురుకు. అతనికి పెళ్లయి చిన్నమ్మ మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

చిన్నమ్మ వాళ్లది కూడా నేత కులమే. కానీ వాళ్ల నాయన ఎప్పుడో మగ్గం అమ్మేసి ఊళ్లో కొంచెం మెట్ట భూమి పట్టుకున్నాడు. ఆమె మక్కచేలల్లో పెరిగిన పిల్ల. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. సందులో ఈ చివర నవ్వితే ఆ చివర వినిపించేది. నాయనమ్మకు ఆ నవ్వు అంటే మంట. "ఏం నవ్వే అది, చేన్ల పిట్టల గొట్టినట్టు" అనేది. నేను మాత్రం చిన్నమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. ఆమె పక్కనే పడుకునేదాన్ని. బీడీ ఆకు ముక్కలతో నాకు బుట్టలు అల్లి ఇచ్చేది. చింతపండు, ఉప్పు, కారం కలిపి పుల్లకు గుచ్చి దొంగతనంగా నోట్లో పెట్టేది. సాయంత్రం గడప మీద కూర్చుని గాలిని ఇంత పొడుగు పీల్చి, "మా ఊరి దిక్కు నుంచి వచ్చింది చూడు ఈ గాలి, మన్ను వాసన" అనేది. నాకు గంజి వాసన తప్ప ఏదీ తెలిసేది కాదు. అయినా తెలిసినట్టు తల ఊపేదాన్ని.

హోలీ అయిపోయి గోడల మీద రంగులు ఇంకా పోని రోజులు. ఆ పొద్దున పడుగు పరిచారు. ముదురు ఎరుపు నూలు. ఎండ లేదు, ఉక్క మాత్రం చంపుతోంది. బాపు ఒక పక్క, చిన్నాయన ఒక పక్క కుంచె పట్టారు. నాయనమ్మ మంచం మీద కూర్చుని గంజి కుండ కాపలా కాస్తోంది. నేను కర్రలు వంగకుండా పట్టుకుని కూర్చున్నాను, పిల్లల పని అది. సగం పడుగుకు గంజి పట్టేసరికి హోట్గి రోడ్ దిక్కు నుంచి మబ్బు లేచింది. నల్లగా కాదు, పచ్చి దెబ్బ కమిలిన రంగులో. అందరం చూశాం. ఎవరూ మాట్లాడలేదు. కుంచెల చప్పుడు మాత్రం త్వరత్వరగా వినిపించింది.

చిన్నమ్మ నల్లా నుంచి కుండతో వస్తోంది. ఆగింది. గాలి పీల్చింది. ఆమె ముఖం నిండా ఆ నవ్వు వచ్చింది. మరుక్షణం పడుగును చూసి నవ్వు ఆపేసి, గట్టిగా అంది.

"బావా, వానొస్తున్నది. పడుగు చుట్టుండ్రి. లవ్‌కర్, జల్ది చుట్టుండ్రి, వాన వచ్చేసింది."

నేను ఇప్పటికీ చెబుతాను. అప్పుడు చుట్టి ఉంటే సగమైనా దక్కేది. చుట్టడానికి లైన్లో చేతులు కావలసినన్ని ఉన్నాయి. కానీ ఒక్కరు పడుగు వైపు కదల్లేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. చేతిలో పని ఆపేసి ఆమెను చూస్తూ నిలబడ్డారు.

"నోరా అది, మోరీనా" అంది నాయనమ్మ.

చిన్నాయన కుంచె వదిలేసి వెళ్లి చిన్నమ్మ చెంప మీద కొట్టాడు. కుండ జారి పగిలింది. ఆ నీళ్లు కాళ్ల కింద పారుతుండగానే మొదటి వడగల్లు రేకు మీద పడింది.

తర్వాత ఏం పడ్డాయో, ఎన్ని పడ్డాయో. నిమ్మకాయలంత రాళ్లు. రేకులు చిల్లులు పడ్డాయి. ఎదురింటి తాత గోచీ ఎగ్గట్టి పరిగెత్తబోయి నుదురు పగిలి కూలబడ్డాడు. చూరులో పిచుకలు టపటపా రాలాయి, చచ్చి. పడుగు మీద పడ్డ ప్రతి రాయికీ పది పోగులు తెగేవి. టప్, టప్ అని ఆ తెగే చప్పుడు, అంత హోరులోనూ వేరుగా వినిపించింది. బాపు పడుగు మీద బోర్లా పడుకున్నాడు, రెండు చేతులూ చాచి, ఎంత మేరకు కప్పగలడో అంత మేర. రాళ్లు అతని వీపు మీద పడి ఎగిరి పక్కన పడేవి. ఎరుపు రంగు గంజితో కలిసి సందు వెంట పారి మోరీలోకి పోయింది. చూసేవాళ్లకు అది రంగని తెలియదు.

రాళ్లు ఆగిపోయిన తర్వాత కాసేపు ఇళ్లలో నుంచి ఎవరూ బయటికి రాలేదు. ముందు చిన్నాయన వచ్చాడు. బురదలో పడ్డ కుంచెను తీసుకున్నాడు. చిన్నమ్మ గడపలో నిలబడి ఉంది, పారిపోలేదు. ఆమెకు తప్పు చేశానని కూడా తెలియదు. కుంచె కర్ర వైపు తిప్పి కొట్టాడు. భుజం మీద, వీపు మీద. ముఖానికి అడ్డం పెట్టుకున్న చేతి మీద. మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. మా అమ్మ పట్టుకోబోతే ఆమెనూ తోసేశాడు. లైను మొత్తం చూస్తూ నిలబడింది. బాపు రక్తం కారే వీపుతో మోకాళ్ల మీద కూర్చుని, తెగిన పోగులు ఏరుతూ, తల ఎత్తలేదు.

ఎముకలు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఆ రోజు నుంచి చిన్నమ్మను నూలు ముట్టుకోనివ్వలేదు. కండె ఎత్తనివ్వలేదు, గంజి దగ్గరికి రానివ్వలేదు. వెనక గదిలో పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. లైను ఆడవాళ్లు ఆమె ఎదురైతే పిల్లలను పక్కకు లాక్కునేవాళ్లు. నాయనమ్మ తేల్చి చెప్పింది. "దాని నోరు మంచిది కాదు. ఉగాది కానియ్యి. తెల్లారి దాన్ని దీసుకపోయి తల్లిగారింట్ల దించి రా." చిన్నాయన సరేనన్నాడు. దించి రావడం అంటే ఏమిటో మా లైన్లో పిల్లలకు కూడా తెలుసు. అట్లా దించిన ఆడమనిషి మళ్లీ తిరిగి రావడం మేము చూడలేదు. రాత్రి ఆమె పక్కన పడుకుంటే విరిగిన చేయి నాకు తగిలేది. నవ్వేది కాదు. నాకు ఇంట్లో అందరి మీదా పళ్లు కొరకాలన్నంత కోపం. కోపం వచ్చి ఏం చేయను, నోరు తెరిస్తే ఒకటి పడుతుంది.

ఆ వారంలోనే బడిలో సారు వ్యాసం రాయమన్నాడు. ఉగాది నాడు గుడి ముందర పంచాంగం చదివాక, మన బడి పిల్లల చేత ప్రకృతి మీద వ్యాసాలు చదివించాలని లైన్ల పెద్దలు అడిగారట. విషయం వాన. బోర్డు మీద అందమైన మాటలు రాశాడు. వాన ప్రాణదాత. వాన రైతు నేస్తం. నెమళ్లు పురి విప్పి ఆడును. పుడమి పులకరించును. "ఈ మాటలు అన్నీ రావాలె" అన్నాడు, స్కేలు బల్ల మీద కొట్టి. అందరూ రాశారు. నాకు ఒక్కటీ రాలేదు. నెమలిని నేను చూడలేదు, చూసింది రాద్దామని కూర్చున్నాను. పెద్ద పెద్ద మాటలు నాకు తెలియవు. కుంచె నడిచినట్టు ఒకటి అటు, ఒకటి ఇటు, పొట్టి పొట్టి వాక్యాలు రాసుకుంటూ పోయాను.

సారు నాది చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు. అతను నిలబడి దిద్దే మనిషి. నేను చేతులు చాపి సిద్ధంగా ఉన్నాను, కణుపుల మీద ఎన్ని పడతాయో అని.

"పైన వాన అని పేరు రాసిన నేను. నువ్వెందుకు కొట్టేసినవ్? లోపల గూడ ఆ మాటనే లేదేంది?"

"ఇందుల పడుగు సందులనే పరిచి ఉన్నది సార్. మొదటి నుంచి ఆఖరి దాకా ఉన్నది. అనొద్దు గద" అన్నాను.

సారు కొడతాడనుకుంటే కొట్టలేదు. చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఇందుల నేను బోర్డు మీద రాసిన మాట ఒక్కటి లేదు. నువ్వు ఏడ్చినట్టు రాయలే, తిట్టినట్టు రాయలే. ఊకె ఎవరేం జేసిండ్రో చెప్పినవ్. నాకేమో మనసు కలిచేస్తున్నది" అన్నాడు. గొంతు తగ్గించి, "ఉగాది నాడు రాళ్లు పడుడు అయ్యేదాకా సదువు, చాలు. మీ చిన్నమ్మ చెయ్యి విరిగిన ముచ్చట వద్దు. అది ఇంట్ల ముచ్చట" అన్నాడు. తల ఊపాను.

ఉగాది నాడు మగ్గాలు ఆగాయి. గుడి ముందర గోనెపట్టాలు పరిచారు. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువై పిల్లలందరూ ముఖాలు చిట్లించుకున్నారు. పంతులు పంచాంగం విప్పి ఈ ఏడు ఎంత వాన కురుస్తుందో చదివాడు. ఆ రోజు ఎక్కడా పడుగు లేదు గనుక అందరూ ఆ మాట హాయిగా విన్నారు. నెమళ్లు పురి విప్పిన వ్యాసాలు వరసగా అయిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నన్ను పిలిచారు. మగవాళ్లు ముందర, బాపు, చిన్నాయన వాళ్లలో ఉన్నారు. ఆడవాళ్లు వెనక. చిన్నమ్మ అందరికంటే వెనక, కట్టు కట్టిన చేయి కొంగు కింద పెట్టుకుని. ఆమెకు అదే ఆఖరి రోజు. ఇంట్లో ఆమె రేకు పెట్టె సర్ది గడప పక్కన పెట్టి ఉంది.

నేను రాసింది ఇది. ఇన్నేళ్లయినా నాకు నోటికి వచ్చు.

"ఆ రోజు మా లైన్లో పడుగు ఉంది. పడుగు ఎర్రగా ఉంది. మబ్బు వచ్చింది. మా బాపు పైకి చూశాడు. తల దించాడు. కుంచె నడిపాడు. మా చిన్నాయన పైకి చూశాడు. తల దించాడు. కుంచె నడిపాడు. ఎదురింటి తాత పైకి చూశాడు. బీడీ ఆర్పాడు. ఏమీ అనలేదు. మా అమ్మ పైకి చూసింది. తీగ మీద బట్టలు తీసింది. ఏమీ అనలేదు. మా నాయనమ్మ పైకి చూసింది. కళ్లు మూసుకుంది. ఏమీ అనలేదు. అందరికీ తెలుసు. మా చిన్నమ్మ నీళ్లు తెచ్చింది. ఆమె పైకి చూసింది. ఆమె ఒక్కతే చెప్పింది. పడుగు చుట్టండి అని కూడా చెప్పింది. పడుగు దగ్గర చాలా చేతులు ఉన్నాయి. ఎవరూ చుట్టలేదు. అందరూ ఆమెను చూశారు. అప్పుడు రాళ్లు పడ్డాయి. నూలు తెగింది. పిచుకలు చచ్చాయి. మా బాపు నూలు మీద పడుకున్నాడు. మా బాపు వీపు పగిలింది."

సారు ఆపమన్న చోటు అది. నేను ఆగలేదు. అది ధైర్యమేమీ కాదు. బట్టీ పట్టిన దాన్ని మధ్యలో ఆపడం నాకు చేతకాలేదు. నోరు దానంతట అది నడిచింది.

"రాళ్లు ఆగాయి. మా చిన్నమ్మ చేయి విరిగింది. అది రాళ్ల వల్ల కాదు. మా చిన్నాయన కుంచెతో కొట్టాడు. మబ్బు ముందు వచ్చింది. మా చిన్నమ్మ మాట తర్వాత వచ్చింది."

చప్పట్లు లేవు. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. ఎదురింటి తాత నుదుటి కట్టు సర్దుకుంటూ నేల చూశాడు. మగవాళ్లంతా నేలనే చూశారు. నేను ఎవరి పేరూ చెప్పి తిట్టలేదు. అయినా ప్రతివాడికీ తను పైకి చూసి తల దించిన క్షణం కళ్ల ముందుకు వచ్చింది. ఆడవాళ్లలో నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. గొణుగుడే, కానీ అందరికీ వినిపించింది.

"నేను గూడ జూసిన. అది నోరు తెరవక ముందుగాలనే జూసిన."

చిన్నాయన లేచి వెళ్లిపోయాడు. నాయనమ్మ అంత మాట అన్నా, ఇంటికి వచ్చాక పెట్టెను లోపల పెట్టమని చెప్పలేదు. పరువు పోయింది కాబట్టి పంపడం ఇంకా ఖాయమైంది. అమ్మ మర్నాటి బస్సుకు రొట్టెలు కట్టింది, చట్నీ ఎక్కువ వేసి.

పొద్దున మళ్లీ పడుగు పరిచారు. కొత్త పడుగు, అప్పు చేసి తెచ్చిన నూలు. దాని పని అయ్యాక మధ్యాహ్నం బస్సు. నేను కర్రలు పట్టుకుని కూర్చున్నాను. గంజి సగం పట్టింది. చిన్నాయన కుంచె నడుపుతూ నడుపుతూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. ఆగకూడదు, అయినా ఆగాడు. కుంచె కింద పెట్టి నా జడ చేతికి చుట్టుకుని పైకి లేపాడు.

"లైన్ల అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్. సదువు ఎక్కువైంది నీకు. ఏ చేత్తోని రాసినవ్? చూపియ్యి" అన్నాడు.

నా కుడిచేయి పట్టుకుని వెనక్కి వంచాడు. బాపు చూశాడు. తల దించాడు. కుంచె నడిపాడు. అచ్చం నేను రాసినట్టే. ఆ ఒక్కటి నేను మరచిపోలేదు, బాపు పోయే దాకా ఆయనకు ఆ మాట చెప్పలేదు.

చిన్నమ్మ గడపలో పెట్టె పక్కన కూర్చుని ఉంది. లేచింది. వచ్చి, కింద పెట్టిన కుంచెను మంచి చేత్తో ఎత్తింది. కర్ర వైపు తిప్పింది. చిన్నాయన తల వెనక కొట్టింది.

"వాన" అంది.

అతను నన్ను వదిలేసి తిరిగాడు. చెవి మీద కొట్టింది.

"వాన."

చేతులు అడ్డం పెట్టుకున్నాడు. చేతుల మీద కొట్టింది. "వాన. వాన. రానియ్యి, చూస్త. వాన." ఒక్కో దెబ్బకు ఒక్కో మాట. గట్టిగా, ఆ చేల గొంతుతో. అతను పడుగు పక్కన, నాయనమ్మ మంచం ముందర కూలబడ్డాడు. తల నుంచి రక్తం గంజి కుండలోకి కారింది. లైను మొత్తం పైకి చూసింది. నేనూ చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చైత్రం ఎండ, కళ్లు తెరవనివ్వని ఎండ.

గంజి తడి ఆరడం మొదలైంది. ఒక పక్క కుంచె ఆగిపోయింది. ఇంకొంచెం ఆగితే ఆ పడుగూ పోతుంది, దాంతో పాటు మేమూ పోతాం. ఎదురింటి తాత కదలబోయి మళ్లీ ఆగాడు. బాపు అటు పక్క నుంచి తల ఎత్తాడు. తమ్ముడిని చూశాడు, చిన్నమ్మను చూశాడు.

"పట్టు" అన్నాడు.

"ఒక్క చేత్తోని రాదు బావా."

"వచ్చినంత పట్టు. ఆరిపోతున్నది."

నూలు ముట్టకూడదని పక్కన కూర్చోబెట్టిన మనిషి కుంచె పట్టింది. రక్తం అంటిన ఆ కుంచెను ముందు కొంగుకు తుడిచింది. అదే కుంచె రెండో చివర నేను పట్టుకున్నాను. ఆమె, నేను ఒక వైపు, బాపు ఒక వైపు, సందు ఆ చివరి దాకా నడిచాం. తిరిగి నాయనమ్మ మంచం దగ్గరికి వచ్చినప్పుడు అందరం ఆమె ఏమంటుందోనని చూశాం. కుండలో రక్తం పడ్డ గంజి పారబోసి, కొత్త గంజిలో వేలు ముంచింది. "పల్చగున్నది, ఇంకొంచెం పిండి వెయ్యి" అంది అమ్మతో.

మధ్యాహ్నం బస్సు చిన్నమ్మ లేకుండానే పోయింది. పెట్టెను నేనే లోపలికి ఈడ్చాను.

చిన్నాయన తలకు కుట్లు పడ్డాయి. ఆడదాని చేతిలో దెబ్బలు తిన్నాడని లైన్లో ఉండలేక భివండీ అనే ఊరికి పోయి పవర్‌లూమ్‌లో చేరాడు. పండుగలకు వచ్చేవాడు, ముసలితనంలో పూర్తిగా వచ్చేశాడు. చిన్నమ్మ మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తోనే బీడీలు చుట్టింది, ఆ బీడీల మీదే బీడీ పనివాళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఇల్లు సంపాదించింది, ఆ ఇంట్లోనే అతనికి చివరి దాకా అన్నం పెట్టింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ లైను లేదు, అక్కడ షెడ్లు వచ్చాయి. సందులో పడుగు పరిచేవాళ్లు లేరు. నూలు మిల్లులోనే గంజి పట్టి చుట్టి వస్తుంది. వాన అని ఎవరు ఎప్పుడైనా అనుకోవచ్చు.

మా చుట్టాలు ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిసినప్పుడు అంటారు. పాపం మీ చిన్నాయన, మంచివాడే, కోపమొక్కటే గాని, ఆమె చేతిలో అట్లా దెబ్బలు తినాల్సింది కాదు అని. నేను వడ్డించింది తింటూ వింటాను. ఆ రోజు నాకు భయం వేయలేదు, జాలి కలగలేదు. చేయి విరిగేంత నొప్పిలో కూడా కడుపు నిండినంత సంతోషం అయింది. నన్నడిగితే ఇంకో రెండు పడాల్సింది.